విండో ఈడ తెరిస్తే ఆడెందుకు తేలుతది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలల్ల ఏ మండల కేంద్రానికి పోయినా తహసీల్ ఆఫీసు ఎదురుంగనో, బస్టాండు పక్కననో ఒక చిన్న మడిగె కనవడ్తది. ముందట జిరాక్స్ మిషను, దాని యెనక ఒక కంప్యూటరు, దాని ముందు మన తమ్ముడో చెల్లెనో. ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, ఈ-పాస్ స్కాలర్‌షిప్, దోస్త్‌ల డిగ్రీ సీటు, టీజీపీఎస్సీ దరఖాస్తు, భూమి కాయితాలు, అన్నీ గా ఒక్క తెర మీదనే కావాలె. కాలేజీలు తెరిచే దినాలొస్తె లైను రోడ్డు మీదికొస్తది.

ఈ లైనును తట్టుకోనీకె మనోళ్ళు ఒక ఉపాయం పట్టిన్రు. విండోస్ కీ, కంట్రోల్, డి మూడు కలిపి కొడితె ఇంకో ఖాళీ తెర వస్తది. దాన్నే వర్చువల్ డెస్క్‌టాప్ అంటరు. ఒకటో తెర మీద ఒకరి ఫారం, రెండో తెర మీద ఇంకొకరి ఫారం. మొదటాయన ఓటీపీ కోసం ఫోను పట్టుకోని సిగ్నల్ ఎతుక్కుంట బయట తిరుగుతుంటె, అంతల రెండో ఆమె పని నడుస్తది. మంచి ఉపాయమే. గని ఈ మధ్య నన్ను చానామంది ఒక్కటే అడుగుతున్నరు: "అన్నా, నేను రెండో తెర మీద కొడితె విండో పోయి ఒకటో తెర మీద తెరుచుకుంటున్నది. వైరస్ వచ్చిందా?"

వైరస్ రాలేదు. ఫార్మాట్ కొట్టాల్సిన పని లేదు, ఫార్మాట్ కొడతా అని పైసలడిగేటోనికి ఇయ్యాల్సిన పని అంతకన్న లేదు. దీనికి కారణాలున్నయి, చానా మట్టుకు మన చేతులనే సరైతయి. నేను ఏ ఇన్‌స్టిట్యూట్‌ల నేర్చుకున్నోన్ని కాదు, మెనూలు తెరిచి సూసుకుంట, నలుగురిని అడుగుకుంట నేర్చుకున్నోన్ని. గందుకే మన భాషల, మన మడిగెల జరిగేదాన్ని వట్టుకొనే చెప్త.

ముందుగాల ఇది నవ్వుకొని ఇడిచిపెట్టే ముచ్చట కాదని యాదిల పెట్టుకోవాలె. రెండో తెర మీద అచ్చంపేట పిల్ల స్కాలర్‌షిప్ ఫారం ఉన్నదనుకో. ఆమె ఆదాయం సర్టిఫికెట్ పీడీఎఫ్ తెరుద్దామని కొడితె తెర జరిగి ఒకటో దాని మీదికి పోయింది. ఆడ కొల్లాపూర్ పిల్లగాని ఫారం తెరిచి ఉన్నది. లైన్ల మనిషి మీద మనిషి పడుతున్నడు. అప్‌లోడ్ అని ఉన్న కాడ ఆగం ఆగంగ ఒకటి నొక్కినవ్. ఒకరి సర్టిఫికెట్ ఇంకొకరి దాంట్లకు పోయింది. అది ఎనకకు వచ్చేసరికి ఆఖరి తారీఖు దాటిపోతది. పోయేది మడిగె పైసలు కాదు, ఒక పిల్ల ఏడాది.

సరే, ఈ తెరలు అసలు ఏంది? ఇది కొత్త ఆలోచన కాదు. 1986ల అమెరికాల జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంల స్టూవర్ట్ కార్డ్, ఆస్టిన్ హెండర్సన్ అనే ఇద్దరు "రూమ్స్" అని ఒకటి తయారుచేసిన్రు. అంటె అర్రలు అన్నట్టు. ఒక అర్రల ఉత్తరాల పని, ఇంకో అర్రల లెక్కల పని. లినక్స్ వాడేటోళ్ళకు ఇది ఎప్పటి నుంచో అలవాటు. యాపిల్ మ్యాక్‌ల 2007ల వచ్చింది. మనందరి చేతిల ఉన్న విండోస్‌ల మాత్రం 2015ల, విండోస్ 10తోని, మామూలు మనిషికి అందింది.

పేరు అర్రలే గని నిజానికి ఇవి అర్రలు కావు. ఒక్కటే అర్రల నడుమ పరదాలు కట్టినట్టు. పరదాకు ఇటు పక్క ఉన్నోనికి అటు పక్కది కనవడదు, అంతే. సామాను ఒక్కటే, తలుపు ఒక్కటే, కరెంటు బటన్ ఒక్కటే. నువ్వు ఒకటో తెర మీద కాపీ చేసినది రెండో తెర మీద పేస్ట్ ఐతది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ అన్ని తెరలకు ఒక్కటే. బ్రౌజర్‌ల లాగిన్ కూడ ఒక్కటే. ఈ చివరిది మస్తు ముఖ్యం, దాని కాడికి మల్ల వస్త.

ఇప్పుడు కారణాలు. ఏ కారణమో కనిపెట్టనీకె ఒక చిన్న గుర్తు ఉన్నది. ఐకాన్ కొట్టినంక తెర దానంతటదే జరిగి నిన్ను పక్క తెర మీదికి గుంజుకపోయిందా? లేకుంటె నువ్వే తెర మార్చినంక విండో నీ యెనక వచ్చి ఈడ తేలిందా? లేదా ఒక్కటే విండో అన్ని తెరల మీద కనవడుతున్నదా? ఈ మూడింటికి మూడు వేర్వేరు మందులు.

తెర నిన్ను గుంజుకపోయిందంటె గా ప్రోగ్రాం అప్పటికే ఇంకో తెర మీద నడుస్తున్నదని అర్థం. దీన్ని మన జిల్లాల ముచ్చటతోనే చెప్త. 2016 అక్టోబర్ 11న పాలమూరును ఇడగొట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ను వేరే జిల్లాలు చేసిన్రు. బోర్డులు మారినయి, కలెక్టర్లు మారిన్రు. గని ఊర్లల్ల పెద్దమనుషులు ఇంకా కొన్ని దినాలు "మా ఫైలు పాలమూరుల ఉన్నది" అని గా పాత ఆఫీసుకే బస్సెక్కిన్రు. ఎందుకు? ఫైలు యాడుంటె మనిషి ఆడికే పోతడు. కొన్ని ప్రోగ్రాంలు గూడ గంతే. వాటికి ఒక్కటే ఆఫీసు. కంప్యూటర్‌ల వాట్సాప్ ఒకటో తెర మీద తెరిచి ఉన్నదనుకో, రెండో తెర మీద నువ్వు దాని ఐకాన్ కొడితె అది రెండోసారి పుట్టదు. "నేను ఆల్రెడీ ఆడ ఉన్న గదా" అని నిన్నే ఆడికి పిలుస్తది. పీడీఎఫ్ చూసే అడోబ్ రీడర్ కూడ ఇదే తీరు. కొత్త ఫైలు తెరిస్తె వేరే విండో ఇయ్యకుండ పాత విండోలనే ఇంకో ట్యాబ్ కలుపుతది. అంటె ఒకరి ఆదాయం సర్టిఫికెట్ పక్కనే ఇంకొకరి ఆధార్, ఒకే విండోల, పక్క పక్క ట్యాబ్‌లల్ల.

దీనికి మందు: అడోబ్ రీడర్‌ల ప్రిఫరెన్సెస్‌కు పోయి, జనరల్ అన్న కాడ, డాక్యుమెంట్లను అదే విండోల కొత్త ట్యాబ్‌లుగ తెరువు అని ఇంగ్లీషుల రాసి ఉన్న టిక్కు ఉంటది. అది తీసేసి, ప్రోగ్రాంను మూసి మల్ల తెరువాలె. అప్పటి నుంచి ఒక్కో ఫైలుకు ఒక్కో విండో. మిగిలిన ప్రోగ్రాంలకు కింద టాస్క్‌బార్ మీద ఐకాన్‌ను ఉత్తగ నొక్కకుండ షిఫ్ట్ పట్టుకొని నొక్కుండ్రి. రెండో విండో ఇచ్చే ప్రోగ్రాం ఐతె నువ్వున్న తెర మీదనే కొత్త విండో ఇస్తది. క్రోమ్, వర్డ్, ఫైళ్ళు చూసే ఎక్స్‌ప్లోరర్ ఇస్తయి. ఒక్కటే విండో ఉండే ప్రోగ్రాంలు ఇయ్యవు, వాటి కాడ జిద్దుకు పోవుడు దండుగ.

ఇంకోటి గూడ చూడుండ్రి. సెట్టింగ్స్‌ల సిస్టమ్, దాంట్ల మల్టీటాస్కింగ్, దాంట్ల డెస్క్‌టాప్స్ అని ఉంటది. విండోస్ 10ల వర్చువల్ డెస్క్‌టాప్స్ అని ఉంటది. ఆడ రెండు ప్రశ్నలుంటయి. టాస్క్‌బార్ మీద ఏ విండోలు చూపాలె, ఆల్ట్ ట్యాబ్ కొడితె ఏ విండోలు చూపాలె అని. రెండింటికీ "నేను వాడుతున్న డెస్క్‌టాప్ మాత్రమే" అన్నదాన్ని పెట్టుకోవాలె. ఎవరో ఒకరు "అన్ని డెస్క్‌టాప్‌లు" అని పెట్టి ఉంటె, ఒకటో తెర మీది విండోలన్నీ రెండో తెర టాస్క్‌బార్ల కనవడ్తయి, ఒకటి నొక్కంగనే తెర జరిగిపోతది. ఒక కంప్యూటరు మీద ముగ్గురు పనిచేసే మడిగెలల్ల ఇదే ఎక్కువ.

రెండో గుర్తు, అంటె నువ్వే తెర మార్చినంక విండో నీ యెనక వచ్చుడు. ఇది మన కాడ అందరికన్న ఎక్కువ, ఎందుకంటె మన మిషన్లు పాతయి. నాలుగు జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్, సెకండ్ హ్యాండ్ల కొన్న కంప్యూటరు. రెండో తెర మీద వర్డ్ ఐకాన్ కొట్టినవ్. అది లేవనీకె అర నిమిషం వట్టింది. అంతల లైన్ల ఉన్నాయన "నాది ఏమైంది బిడ్డా" అంటె ఒకటో తెర మీదికి పోయినవ్. విండో పుట్టే టైమ్‌కు నువ్వు యాడుంటె విండోస్ దాన్ని ఆడనే పెడ్తది, కొట్టినప్పుడు యాడున్నవో చూడది. గంతే ముచ్చట. దీనికి సెట్టింగ్ లేదు. విండో తేలినంకనే తెర మార్చాలె. లేదంటె పొద్దుగాల మడిగె తెరవంగనే ఏ తెర మీద ఏం గావాలో అది తెరిచిపెట్టుకోవాలె, దినమంతా మూయొద్దు. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ ఏస్తె ఈ బాధ చానా మట్టుకు తగ్గుతది, కొత్త కంప్యూటరు కొనుడుకన్న అది మస్తు సవ్వ.

ఒక్కటే విండో అన్ని తెరల మీద కనవడ్తె ఎవరో తెల్వక ఒక టిక్కు పెట్టిన్రు. విండోస్ కీ, ట్యాబ్ కలిపి కొడితె అన్ని విండోలు చిన్నగ కనవడ్తయి. గా విండో మీద రైట్ క్లిక్ కొడితె "ఈ విండోను అన్ని డెస్క్‌టాప్‌ల మీద చూపు" అని ఒకటి, "ఈ యాప్ విండోలన్నిటినీ చూపు" అని ఇంకోటి ఇంగ్లీషుల ఉంటయి. టిక్కు ఉంటె తీసెయ్యాలె. ఇదే జాగల "మూవ్ టు" అని గూడ ఉంటది, దాంతోని తప్పు తెర మీద పడ్డ విండోను సరైన తెరకు పంపొచ్చు. లేదంటె మౌస్‌తోని గుంజి కింద ఉన్న తెర మీద ఏసినా పోతది.

ఈ మూడు గుర్తులల్ల దొరకనిది ఒకటున్నది, అది అన్నిటికన్న మోసం. పని అయిపోయిందని రెండో డెస్క్‌టాప్‌ను మూసేస్తరు. విండోస్ కీ, కంట్రోల్, ఎఫ్ ఫోర్ కొడితె అది పోతది. చానామంది ఏమనుకుంటరంటె ఆడున్న విండోలు కూడ మూసుకపోయినయి అని. మూసుకపోవు. అవన్నీ నడుసుకుంట పక్క డెస్క్‌టాప్ మీదికి వస్తయి. పరదా తీసినవ్ గని ఆడ కూసున్న మనుషులు అర్రలనే ఉన్నరు. మడిగెకు వచ్చి పోయిన ఆమె ఫారం, ఆమె ఫోటో, ఆమె బ్యాంకు పాస్‌బుక్కు స్కాన్, ఇప్పుడు లైన్ల తర్వాతి మనిషి ముందట తెరిచి ఉన్నయి. గందుకే ముందు విండోలు ఒక్కొక్కటి మూయాలె, ఆఖరికి డెస్క్‌టాప్ మూయాలె.

కంప్యూటరు బంద్ చేసి మల్ల చాలు చేసినా గిట్లనే గడబిడ. డెస్క్‌టాప్‌లు, వాటి పేర్లు ఉంటయి, గని ఏ ప్రోగ్రాం ఏ తెర మీద ఉండెనో గట్లనే మల్ల సర్దుకుంటదని నమ్మొద్దు. ఫలానా ప్రోగ్రాం ఎప్పుడూ ఫలానా తెర మీదనే తెరుచుకోవాలె అని చెప్పే సౌలతు విండోస్‌ల లేనే లేదు. లినక్స్‌ల ఉన్నది. కేడీఈ అనే దాంట్ల విండో పైపట్టీ మీద రైట్ క్లిక్ కొట్టి ఆ ప్రోగ్రాంకు ఒక రూల్ రాసిపెట్టొచ్చు. ఉబుంటుల వచ్చే గ్నోమ్‌ల "ఆటో మూవ్ విండోస్" అనే ఎక్స్‌టెన్షన్ ఉన్నది. పాత మిషన్ల మీద తేలికగ నడిచే ఎక్స్ఎఫ్‌సీఈల, విండో దానంతటదే ముందుకొస్తె నిన్ను గుంజుకపోవాల్నా, విండోనే నీ కాడికి రావాల్నా, ఊకోవాల్నా అని అడుగుతది. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తోని బందైనయి. జనం ఆధార్లు పెట్టుకొని పనిచేసే మడిగెలు ఈ సంగతి ఆలోచించాల్సిందే. లినక్స్‌కు పోవుడు ఒక తోవ. పోయే ముందు మీ ప్రింటరు, మీ వేలిముద్ర మిషను దాంట్ల పనిచేస్తయా చూసుకోని పోండ్రి.

ఇగ అసలు ముచ్చట. ఈ సెట్టింగ్‌లన్నీ సరిచేసినంక కూడ వర్చువల్ డెస్క్‌టాప్ మన మడిగె పనికి పూర్తిగ సరిపోదు. ఎందుకు సరిపోదో నాకు తోచింది చెప్త. దీన్ని చేసినోళ్ళ మనసుల ఒక కంప్యూటరు అంటె ఒక మనిషి. గా మనిషికి ఒక ఉద్యోగం, ఒక ఇల్లు, ఒక మెయిలు. వాని పనులు వానికి కలిసిపోకుండ ఉండనీకె తెరలు ఇచ్చిన్రు. మన కాడ ఒక కంప్యూటరు అంటె సగం మండలం. గట్టు, కేటీదొడ్డి, పాన్‌గల్, అమ్రాబాద్, ఏ ఊరోళ్ళయినా ఇంట్ల కంప్యూటరు లేనోళ్ళు మడిగెకే రావాలె. ఒక మనిషి నాలుగు పనులకు కుట్టిన అంగీని నలుగురు మనుషులకు తొడుగుతున్నం. చిరగక ఏమైతది?

గందుకే లాగిన్ ముచ్చట ఇందాక పక్కకు పెట్టిన. ఒక్క క్రోమ్‌ల ఒకటో తెర మీద ఒకరి పేరుతోని ఈ-పాస్‌ల లాగిన్ అయినవ్. రెండో తెర మీద కొత్త క్రోమ్ విండో తెరిచి ఇంకొకరి పేరుతోని అదే సైటుల లాగిన్ అయినవ్. విండోలు రెండు, తెరలు రెండు, గని క్రోమ్‌కు అది ఒక్కటే మనిషి. సైటు ఇచ్చిన కుకీ, అంటె ఈ మనిషి లోపలికొచ్చిండు అన్న చీటీ, ఒక్కటే డబ్బాల ఉంటది. రెండో చీటీ వచ్చి మొదటి దాన్ని చెరిపేస్తది. ఒకటో తెర మీద సేవ్ కొడితె "సెషన్ ఎక్స్‌పైర్డ్" అన్నా అంటది, లేకుంటె ఒకరి ఫారంల రాసింది ఇంకొకరి పేరు మీదకన్నా పోతది. ఈ రెండోది చానా ప్రమాదం, ఎందుకంటె తెర మీద ఏ తప్పూ కనవడది.

ఇన్‌కాగ్నిటో తెరిస్తె అయిపోతదని కొందరంటరు. సగమే నిజం. మామూలు విండో ఒకటి, ఇన్‌కాగ్నిటో విండో ఒకటి ఐతె వేరువేరే. గని రెండు ఇన్‌కాగ్నిటో విండోలు తెరిస్తె అవి రెండూ ఒక్కటే డబ్బా. మూడో మనిషి వచ్చిండంటె మల్ల అదే గడబిడ.

సరైన మందు ప్రొఫైల్. క్రోమ్‌ల కుడిదిక్కు పైన గుండ్రంగ ఉన్న బొమ్మ నొక్కి కొత్త ప్రొఫైల్ చేసుకోవచ్చు. ఏ గూగుల్ అకౌంటు ఇయ్యకుండనే చేసుకోవచ్చు. "1వ కుర్చీ", "2వ కుర్చీ", "3వ కుర్చీ" అని పేర్లు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో రంగు పెట్టుండ్రి. వచ్చిన మనిషి పేరు పెట్టొద్దు, కుర్చీ పేరు పెట్టాలె, ఎందుకంటె మనుషులు పోతరు, కుర్చీ ఉంటది. ప్రొఫైల్‌కు ప్రొఫైల్‌కు కుకీలు కలువయి. ఒకటో తెరకు ఒకటో కుర్చీ, రెండో తెరకు రెండో కుర్చీ. విండోస్ 11ల ఒక్కో డెస్క్‌టాప్‌కు ఒక్కో వాల్‌పేపర్ కూడ పెట్టొచ్చు, గా రంగే ఈడ గూడ పెడితె కంటికే తెలుస్తది. ఎర్ర తెర మీద పచ్చ క్రోమ్ కనవడ్డదంటె చెయ్యి దానంతటదే ఆగుతది. చదువుకోనీకె టైమ్ లేని లైన్ల రంగే మన దోస్తు.

ఈడ గూడ ఒక చిక్కున్నది. వాట్సాప్‌లనో మెయిల్‌లనో ఉన్న లింకు నొక్కితె క్రోమ్ అది ఏ ప్రొఫైల్‌ల తెరువాలో నిన్ను అడగది. చివరికి వాడిన ప్రొఫైల్‌ల తెరుస్తది. నువ్వున్న తెర మీద తెరుస్తదా, పక్క తెర మీదనా అన్నది బ్రౌజర్ బట్టి, వెర్షన్ బట్టి మారుతది. గందుకే లింకు నొక్కొద్దు. రైట్ క్లిక్ కొట్టి కాపీ చేసి, కావాల్సిన కుర్చీ విండోల పేస్ట్ చెయ్యాలె. రెండు సెకన్ల పని.

డౌన్‌లోడ్‌ల ముచ్చట గూడ గంతే. ప్రొఫైల్ వేరైనా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కటే ఉంటది. క్రోమ్ సెట్టింగ్స్‌ల డౌన్‌లోడ్స్ కాడ ఒక్కో ప్రొఫైల్‌కు ఒక్కో ఫోల్డర్ చూపించొచ్చు. అప్పుడు అప్‌లోడ్ నొక్కినప్పుడు ఏ ఫోల్డర్ల ఉన్నవో పైన చూసుకుంటె చాలు. స్కానర్ నుంచి వచ్చే ఫైళ్ళకు పేరు మార్చుండ్రి. స్కాన్‌001, స్కాన్‌002 అని ఇడిచిపెడితె ఏ తెర ఏ డెస్క్‌టాప్ అన్న లెక్కలన్నీ గంగల కలిసినట్టే.

పరదా కాకుండ నిజంగ గోడే కావాలంటె విండోస్‌లనే వేరే యూజర్ అకౌంటు చెయ్యాలె. విండోస్ కీ, ఎల్ కొట్టి ఇంకో యూజర్‌గ లోపలికి పోతె ఫోల్డర్లు వేరు, బ్రౌజర్ వేరు, కాపీ చేసింది కూడ అటు రాదు. నాలుగు జీబీ మిషను రెండు యూజర్లను మోసేసరికి రొప్పుతది గని, మీ ఇంటి పనికి ఒకటి, మడిగె పనికి ఒకటి తప్పకుండ ఉండాలె. మీ సొంత ఫోటోలు, మీ బ్యాంకు లాగిన్ మడిగె అకౌంటుల ఉంచొద్దు.

ఈ జాగ్రత్తలన్నీ మడిగె పిల్లల మీదనే ఎందుకు పడాలె అని మీరు అడగొచ్చు. నేను కూడ అదే అడుగుత. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023ల డేటా రక్షణ చట్టం పార్లమెంటుల పాసైంది. గని రోజుకు పది మంది ఆధార్ కార్డులు చేతుల పట్టుకొని పనిచేసే పిల్లలకు ఈ కంప్యూటరును ఎట్ల వాడాలె అని తెలుగుల నాలుగు ముక్కలు ఎవరు చెప్పిన్రు? పైగా మెనూలన్నీ ఇంగ్లీషు. విండోస్‌కు తెలుగు భాషా ప్యాక్ ఉన్నది, సెట్టింగ్స్‌ల టైమ్ అండ్ లాంగ్వేజ్ కాడ ఏసుకోవచ్చు. ఏసుకోని చూడుండ్రి, కొన్ని మాటలు పుస్తకం తెలుగు లెక్కుంటయి గని పెద్ద ఇబ్బంది లేదు. కొత్త పోర్టల్ తెచ్చినప్పుడు, పేరు మార్చినప్పుడు ఆఫీసర్లకు శిక్షణ ఇస్తరు, మంచిదే. మండలానికి ఒక దినం పెట్టి ఈ మడిగెలల్ల పనిచేసే పిల్లలను కూడ కూసోవెట్టి చూపియ్యమని మన జిల్లా కలెక్టరేట్లల్ల అడగాలె. ప్రజావాణిల ఒక దరఖాస్తు పెట్టుడు మనకు కొత్త కాదు.

అప్పటిదాంక మడిగె మూసేముందు ఒక ఐదు నిమిషాలు తీయుండ్రి. విండోస్ కీ, ట్యాబ్ కొట్టి అన్ని తెరల మీద ఏమేం మిగిలినయో చూసి ఒక్కొక్కటి మూయుండ్రి. మూడు కుర్చీల డౌన్‌లోడ్ ఫోల్డర్లు ఖాళీ చేసి, రీసైకిల్ బిన్ కూడ ఖాళీ చెయ్యుండ్రి. క్రోమ్‌ల పాస్‌వర్డ్ సేవ్ చెయ్యాల్నా అని అడిగితె ఏ కుర్చీలనైనా "నెవర్" అనే కొట్టుండ్రి. జిరాక్స్ మిషను అద్దం కింద ఎవరి కార్డన్నా ఉండిపోయిందేమో అది గూడ ఒకసారి లేపి చూడుండ్రి.